తెలంగాణ వచ్చిన్నాడే పెండ్లి

మా గల్లీల వసంత అని ఒక పిల్ల ఉంటది. ఎవరన్న "బయట వాన పడుతున్నది" అంటే ఆ పిల్ల నమ్మదు. లేచి, తలుపు తీసి, చెయ్యి బయట పెట్టి చూసుకొని, అప్పుడు గొడుగు తీస్తది. చెప్పిన మనిషి తల తడిసి చెంపల మీదికెల్లి నీళ్లు కారుతున్నా సరే, తన చెయ్యి తడవాలె. మనిషి మాట మీద మనిషికి ఒక నమ్మకం ఉంటది చూడుండ్రి, అది ఆమె దగ్గర లేదు. పుట్టుకతోని లేకుండ కాదు. ఒకడు తీసుకపోయిండు. వాని పేరు భాస్కర్. వాని ముచ్చట తీస్తే గల్లీల అందరు "పోనియ్ చంద్రమ్మా, అయిపోయిందానికి ఏం తవ్వుతవు" అంటరు. వాళ్లకు అయిపోయింది. నాకు కాలే. అందుకే రాస్తున్న.

వసంత తండ్రి లింగయ్య నాకు కిరాయిదారు. హఫీజ్‌పేట స్టేషన్ వెనక నా ఇంట్లనే ఎనక రెండు అర్రలల్ల తండ్రీబిడ్డలు ఉంటరు. పాలమూరు దిక్కు నుంచి బిల్డింగుల పనికి వచ్చిండు లింగయ్య. కొండాపూర్ల ఒక బిల్డింగు పరంజ మీదికెల్లి పడి నడుము చెడగొట్టుకున్నడు. అప్పటికెల్లి అదే బిల్డింగు గేటు కాడ సెక్యూరిటీ బట్టలు తొడుక్కొని కుర్చీల కూసుంటడు. పెండ్లాం చెన్నమ్మ జరమొచ్చి పోయింది. అప్పుడు వసంత పదో తరగతి. పరీక్ష రాసి పాసై, ఇగ చదువు బందు పెట్టి, మాదాపూర్ల ఒక కంప్యూటర్ కంపెనీల హౌస్‌కీపింగుకు కుదిరింది. అద్దాలు తుడుసుడు, నేల తుడుసుడు, కాఫీ కప్పులు ఎత్తుడు.

అప్పటి వసంతను మీరు చూడాల్సింది. డ్యూటీ దిగి వస్తే గల్లీ మొదట్లనే నవ్వు ఇనవడేది. నేను బర్రెల పాలు పిండుతుంటే వచ్చి పక్కన కూసునేది. ఆఫీసు వాళ్లను చేసి చూపిచ్చేది.

"అత్తా, ఒగ సారు ఉన్నడు. ఫోన్ల అమెరికోళ్లతోని సారీ సారీ సారీ అని వంగి వంగి మాట్లాడుతడు. ఫోన్ పెట్టినంక నడుము లేపి నన్ను 'ఏయ్' అంటడు. ఆ వంగుడంత నా మీద తీర్చుకోవాలె గద పాపం."

"నువ్వేమన్నవే?"

"నేను గూడ 'సారీ సార్' అని అమెరికోని లెక్క అన్న. నవ్విండు. నవ్వకపోతే నౌకరి పోతుండె!"

ఎవలనన్న ఇట్టే పట్టేసేది. ఒక్క భాస్కర్‌గాన్ని తప్ప.

తెలంగాణ లొల్లి పెద్దగైన చలికాలం, రైల్వే బ్రిడ్జి దిగంగనే చౌరస్తల దీక్ష శిబిరం ఏసిండ్రు. గులాబి గుడ్డల టెంటు, రెండు కుర్చీలు, ఒక మైకు. మా గల్లీ ఆడోళ్లమంత పని తీరినంక పోయి కూసునేటోళ్లం. శిబిరానికి పెద్ద సీతారామయ్య పంతులు, రిటైరైన బడిపంతులు, మంచి మనిషి. మాట్లాడేది మాత్రం భాస్కర్. ఆఫీసు పిల్లలను ఇండ్లకాడ దింపే క్యాబు నడుపుతుండె. గొంతు మంచిగుండె, ఉన్నది లేదని ఎందుకనాలె. మన నీళ్లు, మన నౌకర్లు, మన భాష అని వాడు మైకు పట్టుకుంటే నా చేతుల మీద ఎంట్రుకలు లేచి నిలవడేవి. వాడు చెప్పిన బాధ నిజంగనే మాదే గద. అబద్ధం బాధల లేకుండె, వాని లోపల ఉండె.

నేను మనిషిని చూస్తే అడుగక ఊకోను. టెంటులనే అడిగిన.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"నా ఊరు తెలంగాణ పెద్దమ్మా."

"అది సరే. ఇంటిపేరు?"

"అది గూడ తెలంగాణనే!"

చుట్టున్నోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. ఒకాయన ఈల ఏసిండు. నేను ఊకోలే.

"అమ్మా నాయిన ఉన్నరా? లగ్గమైందా?"

"అమ్మా నాయిన లేరు పెద్దమ్మా. ఉద్యమమే నా తల్లి."

మళ్లీ చప్పట్లు. అడిగినవాటికి ఒక్కదానికి జవాబు రాలే. అడిగిన నేనేమో తెలివిలేనిదాన్ని అయిన. ఇంటికొచ్చేటప్పుడు లింగయ్య నడుము పట్టుకొని కుంటుకుంట నాకు సుద్దులు చెప్పిండు. "అక్కా, గసుంటి పిలగాన్ని పట్టుకొని లగ్గమైందా గిగ్గమైందా అని అడుగుతరా? ఆయన పెద్ద పని మీద ఉన్నడు."

"పెద్ద పని మీద ఉన్నోనికి పెండ్లాం ఉండదా?" అన్న. "ఉంటే ఉన్నదనొద్దా?"

"నీకన్నీ అనుమానాలేనక్కా."

అనుమానాలు కాదు. అడుగుడు. రెండిటికి తేడా ఎరుకలేనోళ్లు ఉన్న కాడ దొంగలు మస్తు బతుకుతరు.

వాడు డ్యూటీ అయినంక ఖాళీ క్యాబుల వసంతను మాదాపూర్ కెల్లి తెచ్చి గల్లీ కాడ దింపుడు షురూ చేసిండు. తర్వాత లింగయ్య అర్రల కూసోని చాయ తాగుడు. తర్వాత అన్నం. ఒకనాడు లింగయ్యను నేరుగనే అడిగిండు, వసంతను చేసుకుంటనని. లింగయ్య ఏడ్చిండు సంతోషానికి. పిలగాడు ఏం ఇయ్యమనలే, ఏం పెట్టమనలే. పెద్దోళ్లు లేరన్నడు కాబట్టి పెద్దోళ్లను పిలుసుడు లేదు, ఊరు చూసుడు లేదు. మన దిక్కు పిల్లనిచ్చేటప్పుడు ఎట్ల చేస్తం? ఊరికి పోతం. బాయి కాడ నీళ్లు చేదే ఆడోళ్లను అడుగుతం. పిలగాని ఇంట్ల ఒక పూట తింటం. కూరల ఉప్పు కాదు చూసేది, ఇంట్ల ఎవరెవరున్నరో చూస్తం. లింగయ్య ఇవేం చెయ్యలే. ఉద్యమమే ఊరన్నడు, నమ్మిండు.

మా తెలంగాణ మనుషులం ఒక తప్పు చేస్తం. పంచాయితీల, పొలంల, పైసల కాడ ఎంత తిప్పలవెట్టినా ఒట్టు పెట్టినోన్ని మాత్రం మళ్లీ అడుగం. గడ్డం పెంచినోన్ని, చెప్పులిడిసినోన్ని, ఉపాసమున్నోన్ని చూస్తే చేతులు జోడిస్తం. భాస్కర్ అది పట్టుకున్నడు.

రోడ్ల మీద వంటా-వార్పు చేసిన రోజు అది. తెల్లారంగనే పెద్ద రోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యిలు ముట్టిచ్చినం. ఒక దిక్కు పప్పుచారు, ఒక దిక్కు అన్నం. బస్సులు ఆగిపోయినయ్. ఆఫీసు పిల్లలు మెడల కార్డులేసుకొని నడుసుకుంట పోతుంటే పిలిచి విస్తరేసినం. కొందరు తిన్నరు, కొందరు ఫోటోలు తీసుకున్నరు. వసంత పెద్ద గరిటె పట్టుకొని చెమటలు కార్చుకుంట వడ్డిస్తున్నది. భాస్కర్ పక్కన నిలవడ్డడు. మా ఆడోళ్లకు పరాచకం లేనిది అన్నం అరుగదు గద, మొదలువెట్టిండ్రు.

"ఏమయ్యా భాస్కరూ, రోడ్డు మీద పప్పన్నం పెట్టినవు. పందిట్ల పప్పన్నం ఎన్నడు?"

"గరిటె పట్టిన చేతికి గాజులేపియ్యవా?"

వసంత తల వంచుకొని నవ్వుతున్నది. వాడు ఒక్కసారి గరిటె గుంజుకొని పైకెత్తిండు. "అక్కలారా, చెల్లెలారా! ఈ పొయ్యి సాక్షి. తెలంగాణ వచ్చిన్నాడే నా పెండ్లి. అప్పటిదాక పెండ్లి లేదు, కాళ్లకు చెప్పుల్లేవు!" అని కాళ్ల చెప్పులు తీసి రోడ్డు అవతలికి ఇసిరేసిండు.

ఇగ చూడుండ్రి. డప్పులు, ఈలలు, జై తెలంగాణ. పంతులు వచ్చి వాన్ని కౌగిలిచ్చుకున్నడు. వసంత గరిటె మళ్లా తీసుకొని, వాని మొఖం దిక్కు చూసి, "అట్లయితే నేను గూడ అప్పటిదాక తలల పువ్వు పెట్ట" అన్నది. బతుకమ్మ పండుగకు పువ్వులతోనే ఆడే జాతి మాది. ఆ పిల్ల ఆ మాటన్నంక తంగేడు పువ్వు తెచ్చి బతుకమ్మను పేర్చింది గాని ఒక్క పువ్వు తలల పెట్టలే.

నేను అందరి ముంగటనే అడిగిన. "లగ్గానికి తెలంగాణకు ఏం సంబంధంరా? లగ్గం చేసుకొని కొట్లాడరాదా? ఒక్కడున్న కాడ ఇద్దరైతరు, బలమే గద."

పంతులు నా దిక్కు చెయ్యెత్తిండు. "చంద్రమ్మా, త్యాగాన్ని ప్రశ్నించొద్దమ్మా."

త్యాగమట! లింగయ్య ఇంట్ల తినుకుంట, వసంత ఉతికిన అంగి తొడుక్కుంట, గల్లీ అల్లుడని అందరి తోని మర్యాద చేపిచ్చుకుంట, మెడల పుస్తె మాత్రం కట్టక తిరుగుడు త్యాగం. దాన్ని మా దగ్గర త్యాగమనరు. ఏమంటరో ఇక్కడ రాయరాదు.

ఆ ఏడే సకల జనుల సమ్మె వచ్చింది. రైళ్లు ఆపిన నాడు హఫీజ్‌పేట పట్టాల మీద వసంత పండుకున్నది. అందరు తెలంగాణ కోసం పండుకున్నరు. ఈ పిల్ల తెలంగాణ కోసం, దాని ఎనక వచ్చే తన పెండ్లి కోసం గూడ పండుకున్నది. పోలీసోళ్లు లేపుతుంటే మోచెయ్యి చీరుకపోయింది. డ్యూటీకి రాలేదని కంపెనీ తీసేసింది. వేరే కంపెనీల దొరికేదాక లింగయ్య జీతంతోనే నెట్టుకొచ్చిండ్రు. ఆ రైలు ఆపిన రోజు భాస్కర్ పట్టాల మీద లేకుండె. "వేరే కాడ డ్యూటీ ఏసిండ్రు నాకు" అన్నడు. ఎవరేసిండ్రని అడిగిన. "ఉద్యమం" అన్నడు.

నడుమల వసంత మేనమామ నార్సింగి కెల్లి ఒక సంబంధం తెచ్చిండు. సెంట్రింగ్ పని చేసే పిలగాడు, బక్కగుండె, మాట తక్కువ, వసంత ఏసిన జోకుకు ఒక్కసారి నవ్వి చాయ మీదవోసుకున్నడు. నాకు నచ్చిండు. లింగయ్య మేనమామను కసిరిండు, "మాట ఇచ్చినంక మళ్లా సంబంధమేంది?" అని. ఆ పిలగాడు ఆ ఎండకాలమే పెండ్లి చేసుకున్నడు.

తెలంగాణ ఇస్తమని ఢిల్లీల ప్రకటన చేసిన్నాడు గల్లీల మిఠాయిలు పంచినం. లింగయ్య పెండ్లి చేసే అయ్యగారితోని లగ్గం పెట్టుకునే ముచ్చట మాట్లాడొచ్చిండు. భాస్కర్ గోడకు ఆనుకొని మెల్లగ తలూపిండు. "మామా, ఇది ప్రకటననే. ముందట ఒకసారి ఇట్లనే ప్రకటించి ఎనకకు తీసుకోలేదా? బిల్లు రానియ్. నా ఒట్టు అబద్ధం కావొద్దు గద." ముందట ఎనకకు తీసుకున్నది నిజమే. దాన్ని ఎవరు కాదనలేరు. ఉన్న నిజాన్ని తీసుకొని తన అబద్ధానికి కప్పు ఏసుకున్నడు. ఇసుంటి తెలివి మంచి పనికి పెడితే వానికి గుడి కట్టేటోళ్లు.

మా గల్లీకి ఎదురుంగ అపార్ట్‌మెంటుల అమ్మణ్ణమ్మ ఉంటది. ఆంధ్ర దిక్కు వాళ్లు. భర్త రామ్మోహనరావు గారు సర్కారు ఆఫీసుల చేసి రిటైరైండు. బిడ్డ రసజ్ఞ మాదాపూర్లనే నౌకరి. అమ్మణ్ణమ్మ నా బర్రె పాలు తప్ప ముట్టకుండె. పొద్దుగాల చెంబు తీసుకొని తనే దిగొచ్చేది. ఇద్దరం ఉద్యమం ముచ్చట తప్ప అన్ని మాట్లాడుకునేటోళ్లం. బతుకమ్మ అయిపోయిన వారమే ఒకనాడు వచ్చి, చెంబు చేతుల పట్టుకొని నిలవడ్డది గాని కిందవెట్టలే.

"చంద్రమ్మగారూ, చెప్పాలా వద్దా అని నిన్నట్నుంచీ కొట్టుకుంటున్నానండి."

"చెప్పేస్తే కొట్టుకునుడు పోతది. చెప్పమ్మా."

అప్పుడే వసంత డ్యూటీ బట్టలల్ల బయటికొచ్చింది. అమ్మణ్ణమ్మ ఆమె దిక్కు తిరిగి, చెయ్యి పట్టుకొని చెప్పింది. "అమ్మా వసంతా, నిన్న లింగంపల్లి స్టేషన్లో ఆ భాస్కర్‌ని చూశానమ్మా. భార్యలా ఉంది, పక్కనే ఒకావిడ. మెడలో సూత్రాలున్నాయి. ఒక చిన్న పిల్లని చంకనెత్తుకున్నాడు. ఆ పిల్ల 'నాయినా, నాయినా' అని జుట్టు లాగుతోంది. కాళ్లకి బూట్లు కూడా ఉన్నాయమ్మా."

వసంత చెయ్యి గుంజుకున్నది. "అమ్మగారూ, తెలంగాణ వస్తున్నదని మీకు రందిగున్నది. మీ రంది మీకుంటది, నేను కాదన. ఆయన మీద ఎందుకు పెడుతున్నరు?"

పక్కింటి సీతాబాయి బకెటు కిందవెట్టి వచ్చింది. ఇంకిద్దరు వచ్చిండ్రు. "గిట్లనే విడదీస్తరు వీళ్లు!" "ఉద్యమంల మంచి పిలగాడు ఒక్కడు కనవడొద్దు వీళ్లకు!" ఒకామె ఇంకా పెద్ద మాటన్నది.

అమ్మణ్ణమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "ఆడపిల్ల తల్లిని గనక చెప్పానమ్మా. ఇంక చెప్పనులెండి" అని ఖాళీ చెంబు తోనే పోయింది. మర్నాటికెల్లి వాళ్లింట్ల పాకెట్ పాలు.

మాట ఏ నోట్లకెల్లి వచ్చిందో చూసిండ్రు గాని, మాటేందో ఒక్కలు చూడలే! ఆంధ్రామె చెప్తే అబద్ధం, గులాబి కండువ వాడు చెప్తే నిజం. మనం కొట్లాడింది దీని కోసమేనా? కండ్లు మూసుకునేటందుకా? నేను చెప్పులేసుకొని అపార్ట్‌మెంటు మెట్లెక్కి అమ్మణ్ణమ్మను ఒక్క ముచ్చటే అడిగిన. "ఏ దిక్కు పోయిండ్రమ్మా వాళ్లు?" మార్కెట్ దిక్కని చెప్పింది.

రైలెక్కి లింగంపల్లిల దిగిన. మార్కెట్ కాడ చాయబండి ఆయనను అడిగిన, కూరగాయలామెను అడిగిన, క్యాబులు నిలిపే కాడ డ్రైవర్లను అడిగిన. "ఉద్యమం భాస్కరన్ననా? గా ఎనక సందుల" అని చూపిచ్చిండ్రు. తలుపు కొట్టి, కిరాయికి అర్ర దొరుకుతదా బిడ్డా అన్న. ఒక పిల్ల తలుపు తీసి కుర్చీ ఏసి నీళ్లిచ్చింది. పేరు రజిత. గోడకు భాస్కర్ ఫోటో, గులాబి కండువ తోని. దాని పక్కన లగ్గం ఫోటో. చిన్నపిల్ల నా చేతి గాజులు గుంజుకుంట ఆడుతున్నది. ముక్కు అచ్చం వానిదే.

"మీ ఇంటాయన ఏడి బిడ్డా?"

"ఆయన ఇంట్ల ఉండేది తక్కువ పెద్దమ్మా" అన్నది. ఆ చెప్పుట్ల ఎంత గర్వమో! "శిబిరంలనే పండుకుంటడు. తెలంగాణ వచ్చేదాక ఇల్లు పట్టుకొని కూసోనని ఒట్టు పెట్టిండు. నేను గూడ అడుగ. అందరం ఇంత ఓర్చుకుంటేనే గద వచ్చేది."

ఒకటే ఒట్టు. ఆడ ఇంట్ల ఉండకుంట ఉండేటందుకు పనికొచ్చింది, ఈడ పెండ్లి చేసుకోకుంట తిరిగేటందుకు పనికొచ్చింది. ఆ పిల్లకు ఏం చెప్పాలె? నీళ్ల గ్లాసు పక్కకు పెట్టి లేచొచ్చిన. రైలుల కూసున్నంక ఒక్కటే కోపం. వాడు అప్పుడు ఎదురైతే ఏం చేద్దునో.

ఇంటికొచ్చేసరికి వసంత చిక్కుడుకాయ ఈనెలు తీస్తుండె. చెప్పిన. చేతులు ఆగలే. ఒక్కటే అడిగింది.

"పిల్ల ఎంతుంటది అత్తా?"

"నాలుగేండ్లుంటయేమో."

కాసేపు ఈనెలు తీసింది. "అంటే శిబిరం ఏసినప్పుడు కడుపుల ఉన్నది."

"లేవే! ఇప్పుడే పోదాం. జుట్టు పట్టి చౌరస్తకు గుంజుకొద్దాం."

"ఇప్పుడు చెప్తే నన్నెవరు నమ్ముతరు? అమ్మణ్ణమ్మను నమ్మిండ్రా? నేనే నమ్మకపోతి. తెలంగాణ వచ్చే టైముల లొల్లి చేసింది, ఉద్యమాన్ని బద్నాం చేసిందంటరు. వాడు అందరి ముంగట ఒట్టు పెట్టిండు. ఆ అందరి ముంగటనే, వాని నోటితోనే చెప్పాలె. నాకు పెండ్లొద్దు, ఏమొద్దు. నేను పిచ్చిదాన్ని కాదని వాళ్లకు ఎరుక కావాలె, అంతే. నాయినకు చెప్పకు."

ఆ చలికాలమంత ఆ పిల్ల ఎట్ల గడిపిందో ఇప్పటికి తలుసుకుంటే నా కడుపు మండుతది. షిఫ్టు మారిందని చెప్పి వాని క్యాబు ఎక్కుడు బందు చేసింది. వాడు మాత్రం వచ్చి లింగయ్య కాడ కూసునేటోడు. పెండ్లికి ఏ బ్యాండు పెట్టాలె, పంతులు గారిని ముంగట కూసుండబెట్టాలె, అని చెప్పేటోడు. వసంత తలుపు కాడ నిలవడి ఇనేది. ఒక్కొక్క మాట అబద్ధమని ఎరుకయ్యి ఇనుడు ఎసుంటిదో మీరు ఒకసారి ఇని చూడుండ్రి. మొదట్ల పండ్లు కొరికేది. తర్వాత గోడ దిక్కు చూసేది. ఆఖరికి వాడు మాట్లాడుతుంటే టీవీల ఎవరో మాట్లాడినట్టు చూసేది. నవ్వు ఎప్పుడు పోయిందో నాకు యాదికి లేదు. గల్లీల ఎవ్వరు గమనించలే. బిల్లు వస్తదా రాదా అనే రందిల ఉండె అందరు.

ఫిబ్రవరిల బిల్లు పాసైంది. పగటిపూట టీవీల చెప్పంగనే చౌరస్త అంత గులాల్. డప్పులు, పటాకలు. నేను ఏడ్చిన, అబద్ధమెందుకు, సంతోషానికే ఏడ్చిన. కొట్లాడి తెచ్చుకున్నది అది. భాస్కర్‌ను భుజాల మీద ఎత్తుకున్నరు. సీతారామయ్య పంతులు పళ్లెంల కొత్త చెప్పులు పెట్టుకొని వచ్చిండు, ఒట్టు తీరిందని వాని కాళ్లకు తొడిగేటందుకు. లింగయ్య మొఖమంత గులాబి రంగు తోని, నడుము నొప్పి మరిచి ఎగురుతున్నడు.

వసంత డ్యూటీ బట్టలల్లనే వచ్చింది. మనుషులు నవ్వుకుంట తొవ్వ ఇచ్చిండ్రు, పెండ్లిపిల్ల వచ్చిందని. వాన్ని కిందికి దించిండ్రు. నాలుగేండ్ల సంది శిబిరంల అందరు వాన్ని అన్న అనేటోళ్లు. చేసుకోబోయేటోడని ఆమె ఒక్కతే అనకపోయేది.

"భాస్కరన్నా" అన్నది.

డప్పు కొట్టే ఆయన చెయ్యి ఆగింది. ఆడిపిల్ల ఒక మొగోన్ని నలుగురిల అన్న అన్నదంటే ఇగ ఆ సంబంధం మళ్లేది కాదు, అందరికెరుక.

"లింగంపల్లి వదినను తోల్కరాలేదా అన్నా? నీ బిడ్డ ఎదురుచూస్తది గద." గొంతు లేవలే, వణకలే. "నన్ను చేసుకోమని అడుగుతలేను. ఒక్కటి చెప్పు. వంటా-వార్పు కాడ ఒట్టు పెట్టిన్నాడు నీకు పెండ్లయి ఉండెనా లేకుండెనా? వీళ్లందరి ముంగట నీ నోటితోని చెప్పు. చెప్తే పోత."

నేను వాని నోరు దిక్కే చూస్తున్న. వాని కండ్లు అటు ఇటు తిరిగినయ్. పంతులు చేతుల పళ్లెం కిందికి దిగింది. ఇగ చెప్తడనుకున్న.

వాడు చెయ్యి పైకెత్తి, గొంతు చించుకొని అన్నడు. "జోహార్ అమరవీరులకూ! జై తెలంగాణ!"

జై, అన్నరు అందరు. ఏం చేస్తరు, ఇన్నేండ్ల అలవాటు. ఆ మాట ఇనంగనే నోరు దానంతట అదే లేస్తది. లింగయ్య నోట్లకెల్లి వచ్చింది. వసంత పెదవులు గూడ కదిలినయ్, నేను చూసిన. డప్పులు మళ్లా మొదలైనయ్. వాన్ని మళ్లా భుజాల మీదికెత్తిండ్రు. తెలంగాణ కోసం సచ్చిపోయిన పోరగాండ్లను అడ్డంపెట్టుకొని తప్పిచ్చుకున్నడు! పిల్లల శవాల ఎనక దాక్కున్నడు! వానికంటే పీనుగ మీది గుడ్డ దొంగిలిచ్చేటోడు నయం.

పంతులు వసంత కాడికి వచ్చి మెల్లగ అన్నడు. "అమ్మా, మంచిరోజు. ఇయ్యాల వద్దు. రేపు కూసుండబెట్టి నేనే అడుగుత." నేను అన్న, "రేపు ఎందుకు పంతులూ, చెప్పులు ఇయ్యాలనే తెచ్చినవు గద, వాటితోనే వానికి రెండు తగిలియ్." నా చెయ్యి పట్టుకొని పక్కకు జరిపిండ్రు. ఆ రేపు మళ్ల రాలే. తర్వాత అడిగితే పంతులు, "ఇంటి ముచ్చట్లు నాకెందుకమ్మా" అన్నడు. ఒట్టు పెట్టిన్నాడు రోడ్డు ముచ్చట, తప్పినంక ఇంటి ముచ్చట!

లింగయ్య ఆ రోజు రంగు మొఖంతోనే వచ్చి మంచం మీద కూసున్నడు. కడుక్కోలే. "అక్కా, నువ్వు అడిగినప్పుడే..." అని ఆగిపోయిండు. కొన్నొద్దులైనంక మాత్రం "ఏదేమైనా ఉద్యమానికైతే పని చేసిండు గద పిలగాడు" అన్నడు. నాకు చేతుల ఉన్న చెంబు తోని కొట్టబుద్ధయింది. నమ్మినోనికి నమ్మకం పోతే నిలవడేటందుకు ఏదో ఒకటి కావాలె, ఎరుకనే. అయినా కొట్టబుద్ధయింది. రజిత బిడ్డను తీసుకొని తల్లిగారింటికి పోయిందని ఇన్న. మళ్లొచ్చిందని గూడ ఇన్న. అమ్మణ్ణమ్మ కాడికి పోయి నువ్వు చెప్పిందే నిజమైందమ్మా అంటే, "నిజమైనందుకు నాకేం సంతోషమండీ" అని తలుపు సగమే తీసి మాట్లాడింది. వసంత పోయి దండం పెట్టొచ్చింది. ఇద్దరు ఏం మాట్లాడుకున్నరో ఇద్దరు చెప్పలే. పాలకైతే ఆమె మళ్లా రాలే.

గల్లీ మాత్రం ఏం చేసింది? ఓదార్చింది! "మంచిగనే తప్పించుకున్నవే, లగ్గమైనంక తెలిస్తే ఏం జేద్దువు" అని. తప్పించుకున్నదట. ఇరవై నాలుగేండ్లప్పుడు మొదలైన ఎదురుచూపు ముప్పై దగ్గరవడ్డంక తెగింది, దాన్ని తప్పించుకునుడంటరు. అమ్మణ్ణమ్మను తిట్టిన సీతాబాయే ఇప్పుడు "నాకు మొదటికెల్లి అనుమానమే" అంటది. నా ముంగట అనమనుండ్రి.

ఎండలు ముదిరినంక ఎలక్షన్లు వచ్చినయ్. ఒక పొద్దుగాల ఒక నాయకుని ఎనక గుంపుల భాస్కర్ మా గల్లీకి వచ్చిండు. తెల్ల అంగి, ఇంటింటికి దండం. వస్తడా మా ఇంటికి అని చూసిన. వచ్చిండు. గుంపు ముంగటికి పోయినంక ఆగి, లింగయ్య అర్ర కాడ నిలవడి, "జర నీళ్లిస్తవా వసంతా" అన్నడు. సిగ్గులేని దాహం!

వసంత డ్యూటీకి తయారై జడ ఏసుకుంటున్నది. లేచి, కుండల నీళ్లు ముంచి గ్లాసు ఇచ్చింది. తొవ్వన పోయేటోనికి ఇచ్చినట్టే. వాడు తాగి, మూతి తుడుసుకొని, మెల్లగ అడిగిండు.

"కోపం పోయిందా నా మీద?"

వసంత గ్లాసు తీసుకుంట వాని మొఖం చూసింది. యాది చేసుకుంటున్నట్టు. "దేనికి?" అన్నది. ఎద్దేవ కాదు. నిజంగనే అడిగింది. వాని మొఖం నల్లబడ్డది. తిట్లకు తయారై వచ్చిండు వాడు, దీనికి కాదు.

నాకు ఆగలే. "తిట్టవే! మొఖం మీద ఊంచు! ఏందే గట్ల నిలవడ్డవ్?"

"తిట్టాలంటే లోపల ఏమన్న ఉండాలె గద అత్తా" అన్నది. గ్లాసు కడిగి బోర్లించి, సంచి భుజానికేసుకొని, వాని పక్కకెల్లి దాటి, బస్సు కోసం పెద్ద రోడ్డు దిక్కు నడిచింది.

నా లోపల ఉన్నది. మస్తున్నది. ఆమె వంతుది గూడ నాదే అనుకొని వాని ఎంబడి పడ్డ. గల్లీ కొసదాక, నాయకుడు, కండువలోళ్లు, పంతులు, సీతాబాయి, పైన బాల్కనీల అమ్మణ్ణమ్మ, అందరు ఇనేటట్టు, రజిత పేరు చెప్పి, ఆ పసిపిల్లను చెప్పి, నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టిన. ఎవరు ఆపలే. వాడు పెద్ద పెద్ద అంగలేసుకుంట జీపు ఎక్కిండు. నేను గొంతు పోయేదాక తిట్టి, ఇనాల్సినామె ఇన్నదా అని తిరిగి చూస్తే, వసంత బస్సు అప్పటికే పోయింది.